వాయిదా దిండ్లు

"సచ్చినోళ్ళ ఇంటికైనా కబురు పంపుతారు గదా సారూ! నా కేసు సచ్చిపోతే నాకెందుకు చెప్పకపోతివి?"

నంద్యాల కోర్టు వరండాలో షంషున్నీసా వేసిన కేక అది. ఏళ్ళ తరబడి వాయిదాలకు వస్తున్నా ఆ చుట్టుపక్కల ఆమె గట్టిగా దగ్గింది కూడా లేదు. అట్లాంటిది ఇవాళ ఎదురుగా నిలబడ్డ అన్సార్ వకీలును మాత్రమే కాదు, స్తంభాలకు ఆనుకొని కబుర్లాడుకుంటున్న నల్లకోట్లందరినీ కలిపి కడిగేసింది.

"మీకూ చెప్తాండా! దినామూ నా ముందర్నే తిరుగుతాంటిరి గదా. ఆ షెడ్డు కింద కూచున్న ఆడమనిషి యా కేసుకొచ్చింది, దేనికొచ్చిందని ఒక్కరన్నా అడిగినారా? ఒకడు గుంతలో పెడితే తక్కినోళ్ళు మన్ను కప్పినారు!"

అన్సార్ చంకలోని ఫైళ్ళు జారాయి. వాటిని సర్దుకుంటూ నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"మెల్లగ చిన్నమ్మా. లోపల జడ్జి బెంచీ మీదుండాడు."

"చిన్నమ్మా అనొద్దు. వకీలువు గదా, వకీలు మాదిరే చెప్పు. నా కేసు సచ్చిందా, బతికుండాదా?"

అతను ఫైళ్ళు ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. అతను చెప్పాల్సిన పని లేదు. ఆమెకు పొద్దున్నే తెలిసిపోయింది.

ఆళ్ళగడ్డలో చాగలమర్రి రోడ్డు మీద ఆమెది పరుపుల కొట్టు. రేకుల కప్పు, లోపల దూది ఏకే యంత్రం, ముందర నాలుగు బండలు పరిచిన అరుగు. పక్క స్థలంలో సోఫాల షోరూం పెట్టినాయన కన్ను చాలాకాలంగా దానిమీద ఉంది. కొట్టును కదిలించకుండా కోర్టు స్టే ఇచ్చింది కాబట్టి ఆమె నిశ్చింతగా దబ్బనం తిప్పుకుంటూ బతుకుతోంది. ఈ పొద్దున ఆయన వచ్చి అరుగు కింద చెప్పులు విడిచి మరీ చెప్పాడు.

"ఈ వారంలో సామాన్లు తీసుకోమ్మా. జేసీబీ వస్తాది."

"స్టే ఉండాది గదన్నా."

"యాడిదమ్మా స్టే? కేసే కొట్టేసి యాడాది దాటిపాయ. మీ వకీలు చెప్పలేదా ఏందీ?"

ఎగతాళిగా అనుంటే తిట్టి పంపేది. ఆయన జాలిగా అన్నాడు. అదే ఆమెను బస్సెక్కించింది. వాయిదాల అలవాటు కొద్దీ దూదిసంచీ కూడా చంకన పెట్టుకొచ్చింది.

నంద్యాలలో దిగి ఆమె వకీలు దగ్గరకు పోలేదు. నేరుగా యేసుదాసు దగ్గరకు పోయింది. యేసుదాసు కోర్టు డఫేదారు. తెల్లబట్టల మీద, భుజం మీదుగా ఎర్ర డవాలీ పట్టీ వేసుకొని, హాలు గుమ్మంలోకి వచ్చి పేర్లు పిలుస్తాడు. ఒక్కో పేరు మూడుసార్లు. ఆ గొంతంటే షంషున్నీసాకు చెప్పలేనంత గౌరవం. బయట ఎవరూ పట్టించుకోని మనుషులు, కూలీకి పోయేవాళ్ళు, గొర్రెలు కాసేవాళ్ళు. అట్లాంటివాళ్ళ పేర్లు ఆ గొంతులో పడితే ఊరేగింపు పోతున్నట్టు ఆవరణంతా మోగేవి. వేపచెట్ల మీది కాకులు లేచేవి. నా పేరు ఆ గొంతులో ఎట్లుంటాదో అని ఆమె ప్రతి వాయిదాకూ షెడ్డు కింద చెవులు నిక్కించుకొని కూర్చునేది. పేరు పిలిస్తేనే లోపలికి రావాలని, పిలవకుండా వస్తే జడ్జికి కోపమొస్తుందని అన్సార్ మొదటి రోజే చెప్పాడు.

"అన్నా, షంషున్నీసా అని నువ్వు యానాడన్నా పిలిచినావా?"

యేసుదాసు కళ్ళు మూసుకున్నాడు.

"పిలిచినా చెల్లే. పోయినేడు మామిడికాయల కాలంలో. మూడుసార్లూ పిలిచినా. ఎవురూ పలకల్యా. వకీలూ పలకల్యా. లోపల కొట్టేసిరి."

మామిడికాయల కాలం. జడ్జి సెలవులో ఉన్నాడు, ఈ వాయిదాకు రావద్దులే అని అన్సార్ ఫోన్ చేసిన రోజు ఆమెకు గుర్తొచ్చింది.

"మరి ఇన్నాళ్ళూ నీ కండ్ల ముందర్నే కూచుంటాంటి గదన్నా, చెప్పకపోతివే?"

"నాకు పేరే తెలుసమ్మా, మనిషి తెల్దు. పిలుస్తా, పలికినోళ్ళ మొగం చూస్తా. నువ్వు పలకల్యా."

అక్కడినుంచి వరండా ఎక్కి ఆమె వేసిన కేక, లోపల బార్ రూంలో కూర్చున్న ఉమామహేశ్వరమ్మ దాకా వెళ్ళింది. ఆమె ఆ కోర్టులో అందరికన్నా పాత వకీలు, ఈ ఏడు బార్ అసోసియేషన్ అధ్యక్షురాలు. కళ్ళద్దాలు నుదుటిమీదికి నెట్టుకొని బయటికొచ్చింది. రెండు మాటలు విన్నది. అన్సార్ వైపు చూసింది. అతను నేల చూశాడు.

"శుక్రవారం కోర్టు లేచినాక బార్ రూంలో కూర్చుంటాం. ఈమె చెప్పేదీ వింటాం, నువ్వు చెప్పేదీ వింటాం అన్సార్. నిజమని తేలితే మా అందరి సంతకాలతో బార్ కౌన్సిల్‌కు పంపుతాం. నీ ఒంటిమీద కోటు ఉండాలో పోవాలో వాళ్ళు తేలుస్తారు."

"మేడమ్, మా వీధి మనిషి. నేను మాట్లాడుకుంటా..."

"శుక్రవారం మాట్లాడు."

అప్పుడు షంషున్నీసా తన చేయి చూసుకుంది. బస్సులో సగం కుట్టిన దిండు. అంతసేపూ దాన్ని పట్టుకొనే అరిచింది. ప్రతి వాయిదాకూ షెడ్డులో కూర్చొని ఒక దిండు కుట్టి అన్సార్ చేతికిచ్చి పోవడం ఆమెకు అలవాటు. ఈసారి దాన్ని సంచీలో కుక్కుకొని బస్టాండు దారి పట్టింది.

*

దూదికి మనిషి మనసు తెలుస్తుందని ఆమె నమ్మకం. కోపంతో నింపిన పరుపు గడ్డలు కడుతుంది. అందుకని బుధవారం ఆమె కొత్త పరుపు మొదలుపెట్టలేదు, పాతదాన్ని విప్పింది. రుద్రవరం రైతు ఒకాయన తెచ్చిచ్చిన పరుపు అది. పైగుడ్డ గవుసెన విప్పి, నల్లబడిన దూదిని అరుగుమీద పోసి, వేళ్ళతో చిక్కులు తీసి, గింజలు ఏరి, యంత్రం నోటికి అందిస్తోంది. అటువైపు తెల్లగా, పొగలాగా తేలివస్తోంది. ఎన్నేళ్ళు చూసినా ఆ క్షణం ఆమెను ఒకసారి నిలబెడుతుంది. మనుషుల కింద నలిగి రాయిలా అయిన దూది, పళ్ళ చక్రం తగలగానే, నిన్ననే కాయ పగిలినట్టు లేస్తుంది.

ఆమె భర్త దాదాపీర్ దుమ్ముకు దూరంగా రోడ్డు వైపు స్టూలు వేసుకొని కూర్చున్నాడు. దూది దుమ్ము అతని ఊపిరితిత్తుల్లోకి పోయి ఏనాడో పని మానిపించింది. ఇప్పుడు అతని పని కొలతలు చెప్పడం, దగ్గడం.

అన్సార్ పొద్దువాలే వేళకు వచ్చాడు. కోటు లేదు. కుర్చీ చూపితే కూర్చోలేదు, చిన్నప్పటి మాదిరి దూదిబేలు మీద కూర్చున్నాడు. ఆ బేళ్ళ మీద దొర్లి పెరిగినవాడే. మొదటిసారి నల్లకోటు వేసుకొని వచ్చిన రోజు వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. ముసలోళ్ళు ఆ కోటును తాకి కళ్ళకద్దుకున్నారు. అట్లాంటి పిల్లోణ్ణి, నా కేసు ఏమైంది, కాగితం చూపించు అని అడిగితే వాణ్ణి నమ్మనట్టు కాదా? అడగడమే తప్పనుకున్నారు. వీధిలో ఒక్కరూ అడగలేదు.

"కేసులెక్కువైపాయ చిన్నమ్మా" అన్నాడు. "ఆ దినం బనగానపల్లెలో ఇంకో పనుండె. పోనీలే, మళ్ళా తెరిపిస్తాం అనుకుంటి. గడువు దాటిపాయ. నీ మొగం చూసి చెప్పాలంటే సిగ్గేసింది. వాయిదా అంటి. మరుసటిసారీ అదే అంటి."

"సిగ్గేసిందా."

"ఒట్టు."

షంషున్నీసా యంత్రం ఆపింది. ఒక్కసారిగా వచ్చిన నిశ్శబ్దంలో దాదాపీర్ దగ్గు పెద్దగా వినపడింది.

"ఇప్పుడు ఏమంటావ్?"

"సచ్చిన కేసును లేపేదానికి దారుండాది. తప్పు క్లయింటుది కాదు, పూర్తిగా వకీలుదే అని నేను ప్రమాణం చేసి రాసియ్యాల. అది లేకుంటే ఇంత ఆలస్యానికి యా జడ్జీ ఒప్పుకోడు. నేను రాసిస్తా. శనివారమే వేస్తా. జేసీబీ రాకముందే మళ్ళా స్టే తెస్తా." అతను గొంతు తగ్గించాడు. "కానీ నామీద ఫిర్యాదుంటే ఆ కాగితం నా మెడకు నేనే ఉరేసుకున్నట్లయితాది. శుక్రవారం వచ్చి, పొరపాటు పడినా, ఫిర్యాదు లేదు అను. అంతే."

ఆమె ఒళ్ళో పడిన దూదిని పింజలు పింజలుగా విడదీస్తోంది.

"ఒప్పుకో" అన్నాడు దాదాపీర్. "మనకు కొట్టు కావాల గానీ వాని కోటు మనకెందుకు?"

నిజమే. ఈ రేకుల కింద నుంచి బయటపడితే ఈ యంత్రాన్ని ఎక్కడ పెట్టేది? ఈ మనిషిని ఎక్కడ కూర్చోబెట్టేది? ఆమె తలూపింది. అన్సార్ లేచి ప్యాంటుకు అంటిన దూది దులుపుకున్నాడు.

"ఒక్క మాట అన్సారూ. సచ్చింది నాదొక్కటేనా?"

అతను చెప్పు తొడుక్కోవడానికి వంగాడు. వంగినోడు వంగినట్టే జవాబు చెప్పాడు.

"నీదొక్కటే చిన్నమ్మా."

*

శుక్రవారం ఆమె మధ్యాహ్నానికే చేరింది. అలవాటుగా షెడ్డు కిందే కూర్చుంది. చేతులు ఊరుకోవు కాబట్టి సోమవారం నాటి సగం దిండు బయటికి తీసి, మూలలు మడిచి కుట్టసాగింది. మూల కుట్టడం అయ్యాక ఎర్రదారంతో చిన్న కుచ్చు ముడి వేయడం ఆమె పద్ధతి. వాళ్ళమ్మ వేసేది. కుచ్చు లేకపోతే దిండు పూర్తయినట్టు ఆమెకు అనిపించదు.

పక్కన ఒక పెద్దావిడ వెదురుబుట్ట దగ్గర పెట్టుకొని అరటినారతో తులసి, మల్లె కలిపి మాల కడుతోంది. నార లాగే ఒడుపు చూసి షంషున్నీసా ముచ్చటపడింది.

"యా ఊరమ్మా?"

"అహోబిలం. నా పేరు తాయారమ్మ. స్వామికి మాలలు మా ఇంటివే. సాయంత్రం మాల వేళకు పోవాలి, అయినా వాయిదా కదా, రాక తప్పదు."

"ఏం కేసు?"

"మా ఆయన రంగనాథంగారి పేరుమీద ఉందమ్మా. ఉండే ఇంటి గురించే. మరిదిగారి పిల్లలు అమ్మేస్తామంటున్నారు. ఆయన నడవలేరు, నేనే తిరుగుతున్నా." నార గోటితో తెంపింది. "వకీలు మాత్రం దొరకడమే అదృష్టం. అన్సార్‌గారని. విసుక్కోడు. ఎప్పుడొచ్చినా తానే బయటికొచ్చి వాయిదా పడిందని చెప్పి పంపిస్తాడు. ప్రసాదం తెస్తే కళ్ళకద్దుకొని తింటాడు."

షంషున్నీసా దబ్బనం గుడ్డలోనే ఆగిపోయింది.

"లోపలికి ఎప్పుడన్నా పోయినావామ్మా?"

"పేరు పిలిస్తేనే రావాలన్నాడుగా. పిలవకుండా పోతే జడ్జికి కోపం వస్తుందట."

అవే మాటలు. ఆమెకు చెప్పిన మాటలే. షంషున్నీసా దిండు సంచీలో పెట్టి, సంచీ చంకన వేసుకొని లేచింది. కాళ్ళ కింద బండలు ఎండకు కాలుతున్నా తెలియలేదు. కోర్టు అప్పుడే లేచింది. యేసుదాసు గుమ్మం పక్కన డవాలీ విప్పి మడతపెడుతున్నాడు.

"అన్నా, రంగనాథం. అహోబిలం రంగనాథం అని పిలిచినావా?"

అతను మడత ఆపాడు.

"పిలిచినా. ఉగాదికి ముందర. ఎవురూ పలకల్యా."

"అదీ సచ్చిందా?"

"సచ్చింది చెల్లే." అటూ ఇటూ చూసి, ఉద్యోగం గుర్తొచ్చినట్టు గొంతు తగ్గించాడు. "ఇంగా ఉండాయి. కొలిమిగుండ్లోళ్ళవి ఉండాయి, రుద్రవరమోళ్ళవి ఉండాయి. పలికిన పేర్లు నేను మర్సిపోతా. పలకనియ్యి మాత్రం ఈడ్నే నిలబడిపోతాయి." గొంతు పట్టుకొని చూపించాడు.

ఆమె షెడ్డు వైపు చూసింది. తాయారమ్మ మాల పైకెత్తి వెలుగులో చూసుకుంటోంది. ఎక్కడైనా పువ్వు వదులైందేమోనని. ఆమెకు ఇప్పుడు పోయి ఏమని చెప్పాలి? చెప్పకుండా ఎట్లా పక్కన కూర్చోవాలి? షంషున్నీసా షెడ్డుకు పోలేకపోయింది. వేపచెట్టు కింద నిలబడింది. ఫిర్యాదు లేదు అనాలి. రెండే మాటలు. రేపు స్టే వస్తుంది. యంత్రం ఉంటుంది, స్టూలు ఉంటుంది. రెండే మాటలు.

బార్ రూంలోంచి ఉమామహేశ్వరమ్మ తల బయటపెట్టి, "యేసుదాసూ, ఆ పరుపులామెను రమ్మను" అంది.

సైగ చేసినా సరిపోయేది. కానీ యేసుదాసు మడతపెట్టిన డవాలీని మళ్ళీ విప్పాడు. భుజం మీద వేసుకున్నాడు. వరండా అంచుకు వచ్చి, ఛాతీ నిండా గాలి పీల్చాడు.

"షంషున్నీసా... షంషున్నీసా... షంషున్నీసా..."

జనం వెళ్ళిపోయిన ఆవరణలో ఆ పేరు గోడలకు తగిలి, రేకుల షెడ్డును మోగించి, గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. కాకులు లేచాయి. పరుపులామె అని, దాదాపీర్ భార్య అని, అమ్మీ అని పిలిచే పేరు కాదు అది. వాళ్ళ నాయన ఆమె చెవిలో చెప్పిన పేరు. అది అంత పెద్దదని ఆమెకు ఇన్నేళ్ళూ తెలియదు.

"వస్తాండా!" అని పలికింది. పలికినాక, రెండు మాటలూ ఎక్కడో జారిపోయినట్టనిపించింది.

బార్ రూం గడప దగ్గర చెప్పులు విడిచింది. గోడల నిండా కప్పుదాకా ఎర్ర అట్టల పుస్తకాలు. ఒక్కో పుస్తకం ఇటుకంత. ఇన్ని ఇటుకలు పేర్చి కట్టిన ఇంట్లో మనిషికి అన్యాయం ఎట్లా జరుగుతుందబ్బా అని ఆమె ఆశ్చర్యంగా చూసింది. నల్లకోట్లు వరసగా కూర్చున్నాయి. అన్సార్ ఒక పక్కన. అతను ముందుగా మాట్లాడాడు. సాఫీగా, బాగా మాట్లాడాడు.

"మేడమ్, ఈమె వాయిదాలకు సరిగ్గా రాలేదు. క్లయింటు రాకపోతే ఏ వకీలైనా ఏం చేస్తాడు? అయినా మా వీధి పెద్దమనిషి. ఏదో కోపంలో నాలుగు మాటలంది. మేమిద్దరం మాట్లాడుకున్నాం, ఆమెకు ఫిర్యాదు లేదు. నాకూ ఆమెమీద ఏమీ లేదు."

నాకూ ఆమెమీద ఏమీ లేదు. షంషున్నీసాకు ఆ మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది. క్షమిస్తున్నాడు. వాడు తనను క్షమిస్తున్నాడు.

"ఏమ్మా? ఫిర్యాదు లేదా?" అని అడిగింది ఉమామహేశ్వరమ్మ.

ఆమె చూపు వకీళ్ళ ముఖాల మీద లేదు, కుర్చీల మీద ఉంది. నీలం గళ్ళది. పసుపు చారలది. ఆకుపచ్చ పువ్వులది. ఒక్కో నల్లకోటు అంచు కింద నుంచి ఒక్కో ఎర్రకుచ్చు తొంగిచూస్తోంది.

"ఈ దిండ్లు ఈడికి ఎట్ల వచ్చినాయమ్మా?"

పెద్ద వకీలొకాయన నవ్వాడు. "అన్సారే తెచ్చినాడు. ఎక్కడో చేయించినానని, వచ్చినప్పుడల్లా ఒకటి పట్టుకొస్తాడు. మా నడుములు బతికించినాడు, మంచి పిల్లోడు."

"ఎక్కడో కాదయ్యా. ఆ షెడ్డులో." ఆమె సంచీలోంచి ఇవాళ్టి దిండు తీసి బల్లమీద పెట్టింది. దబ్బనం ఇంకా దానికే గుచ్చి ఉంది. "వాయిదాకు వచ్చిన ప్రతిసారీ ఆడ కూచోని ఒకటి కుట్టినా. పేరు పిలుస్తారేమోనని ఒక చెవి అటేసి కుట్టినా. సాయంత్రం ఈయప్ప బయటికొచ్చి, వాయిదా పడింది చిన్నమ్మా అని చెప్పి, దిండు తీసుకొని లోపలికి పోయేటోడు. నేను రాలేదంటాండాడు. రాకపోతే మీరందరూ దేనిమీద కూచున్నారు?"

ఉమామహేశ్వరమ్మ నెమ్మదిగా లేచి తన కుర్చీలోని దిండు తీసింది. ఆకుపచ్చ పువ్వులది. మూల కుచ్చును, బల్లమీది దిండు కుచ్చును పక్కపక్కన పెట్టి చూసింది.

"అది నా కూతురు రుక్సానా పెండ్లి పరుపు చేయంగా మిగిలిన గుడ్డమ్మా. పెండ్లి పోయిన చలికాలంలో. ఈయప్పా వచ్చినాడు, ముందు పంక్తిలో కూచోని తిన్యాడు." షంషున్నీసా అన్సార్ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "నా కేసు సచ్చింది మామిడికాయలప్పుడు. చలికాలంలో ఈ దిండు నా చేతిలోంచి తీసుకుంటా నాకేం వాయిదా చెప్పినావ్ సారూ? యా కేసుకు చెప్పినావ్?"

అన్సార్ బల్లమీది దిండుకు గుచ్చి ఉన్న దబ్బనం వైపే చూస్తున్నాడు.

ఇందాక నవ్విన పెద్ద వకీలు కుర్చీలో ఒకసారి కదిలాడు. నిప్పుమీద కూర్చున్నట్టు లేచి నిలబడ్డాడు. పక్కనున్నాయన లేచాడు. తర్వాత ఇంకొకరు. కుర్చీల కాళ్ళు బండలమీద గీసుకుంటున్న చప్పుడు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఒకరి తర్వాత ఒకరు గది గదంతా లేచి నిలబడింది.

షంషున్నీసా బెదిరిపోయింది. ఇంతమంది నల్లకోట్లు లేచేది జడ్జి వచ్చినప్పుడే కదా. గబగబా కొంగు సర్దుకొని గుమ్మం వైపు తిరిగి చూసింది.

గుమ్మంలో ఎవరూ లేరు. వరండాలో యేసుదాసు ఒక్కడే నిలబడి ఉన్నాడు, డవాలీతో.

మళ్ళీ ఇటు తిరిగింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఖాళీ కుర్చీల్లో ఆమె ఎదురుచూసిన రోజులన్నీ రంగురంగులుగా, మెత్తగా, మనుషుల బరువుకు నలిగి పడున్నాయి. ఇన్నిసార్లు వచ్చానా అని ఆమెకే నమ్మబుద్ధి కాలేదు. చెయ్యి ఎత్తి నోటికి అడ్డం పెట్టుకుంది.

అన్సార్ ఒక్కడే కూర్చొని ఉన్నాడు. ఆఖరికి అతనూ లేచాడు. అతని కింద వెలిసిపోయిన గులాబీరంగు దిండు.

"అది మొట్టమొదటి వాయిదాకు కుట్టింది నాయనా" అంది ఆమె. "నీ పెండ్లి పరుపు గుడ్డ."

అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఉమామహేశ్వరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది.

"మేం సంతకాలు పెడతామమ్మా. ఇవాళే పోతుంది. ఈ గదిలో చూసింది చూసినట్టు మేమే రాసి, నీ కేసు తెరవమని నేనే వేస్తా. తెరుస్తారో లేదో ఖాయంగా చెప్పలేను. అబద్ధం చెప్పను." కళ్ళద్దాలు పెట్టుకుంది. "ఇంకేం కావాలో అడుగు."

కొట్టు కళ్ళముందు మెదిలింది. రేకులు, పొగలా లేచే దూది, రోడ్డు వైపు స్టూలు. సోమవారం జేసీబీ రావచ్చు. ఆ కాగితం ఇంక అన్సార్ రాసిస్తాడో లేదో. ఆమెకు భయం వేసింది. అయినా ఇందాక యేసుదాసు పిలుపుకు పలికిన గొంతుతోనే చెప్పింది.

"నా సంగతి నాతోటే ఉండాది, తర్వాత చూద్దాం. ముందర ఆ షెడ్డు కిందికి చూడండి. అహోబిలం నుంచి తాయారమ్మ వచ్చి కూచోనుంది. చేతిలో మాలుంది. ఆమె కేసు ఉగాదికి ముందే సచ్చింది. ఆమెకు తెల్దు. ఈయప్ప ఇప్పుడు బయటికి పోయి వాయిదా పడిందమ్మా అంటాడు, ఆమె ప్రసాదం పెట్టి పోతాది. ఇంగా ఎంతమంది ఉండారో యేసుదాసన్న గొంతులో ఉండాది. మీరు కౌన్సిల్‌కు రాసుకుంటారు, వాళ్ళు కోటు తీస్తారో ఉంచుతారో, అది మీ పని. నాకు కావాల్సింది ఈ పొద్దే కావాల. ఈ కుర్చీల్లో మీరెవురూ మళ్ళా కూచోకముందే కావాల. ఈయప్ప సంపిన కేసులన్నిటి పేర్లూ ఈ వరండాలో పిలిపించండి. ఒక్కో పేరు మూడుసార్లు. ఈడున్నోళ్ళు పలుకుతారు. ఈడ లేనోళ్ళకు మీరు ఒక్కొక్కరు ఒక్కొక్క ఊరికి పోయి చెప్పండి, సచ్చినోళ్ళ ఇంటికి పోయినట్టు పోయి చెప్పండి. పలికిన ప్రతి మనిషి మొగం చూసి, నీ కేసు సచ్చిందమ్మా, నేనే సంపినా అని ఈయప్ప నోటితోనే ఈయప్ప చెప్పాల. మీరంతా నిలబడి వినాల."

ఆమె గడప దాకా నడిచింది.

"యేసుదాసన్నా, పిలువు. మొదట రంగనాథం."